శాటిలైట్ డేటా వరద అంచనాకి నిజంగా పనికొస్తుందా, పేపర్లకేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిచెయ్యండి. సుమారు 4,200 చదరపు కిలోమీటర్ల బేసిన్ (నదికి నీళ్లు చేర్చే ప్రాంతమంతా), అందులో పనిచేస్తున్న రెయిన్ గేజ్‌లు ఏడే, వానని బట్టి నది ప్రవాహం లెక్కగట్టే హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్ సాఫ్ట్‌వేర్‌లో కట్టిన మోడల్ ఒకటి. గేజ్‌లు చాలడం లేదని వాటిని పక్కన పెట్టి ఉపగ్రహాల నుంచి నాసా లెక్కగట్టే ఐమెర్గ్ వర్షంతో కాలిబ్రేట్ చేశారు, అంటే మోడల్ అంకెల్ని పాత రికార్డుకి సరిపోయేలా దిద్దారు. కాగితం మీద బ్రహ్మాండంగా వచ్చింది. తీరా వానాకాలంలో రన్ చేస్తే రెండు వరదల్లో పీక్ (గరిష్ఠ ప్రవాహం) బాగా తక్కువ చూపించింది, ఒకదాంట్లో ఆలస్యంగా కూడా. ఇక శాటిలైట్ డేటా మీదే నమ్మకం పోయిందంటున్నారు.

పనికొస్తుందండీ. కాకపోతే మీరు పెట్టిన చోట, పెట్టిన పద్ధతిలో కాదు. ఉన్న గేజ్‌లు తీసేసి వాటి కుర్చీలో శాటిలైట్‌ని కూర్చోబెడితే ఎక్కువసార్లు జరిగేది మీకు జరిగిందే. ముందు మీ మోడల్‌లో తప్పు ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి: వర్షంలోనా, నేల తేమలోనా, నది ఆకారంలోనా, పైన ఉన్న డ్యామ్‌లోనా. ఆ తప్పుకి సరిపడే డేటా, అదీ వరద రాకముందే చేతికందే డేటా, వాడాలి. వరద పోయాక వచ్చే డేటా ఎంత గొప్పదైనా మోడల్‌ని దిద్దడానికి పనికొస్తుందేమో గానీ హెచ్చరికకి పనికిరాదు. ఈ రెండు పనుల్నీ కలిపేసుకోవడంతోనే సగం గొడవలు వస్తాయి.

నాకు మొదటి అనుమానం కూడా అక్కడే. ఐమెర్గ్ ఒకే వానని మూడు విడతలుగా లెక్కగట్టి ఇస్తుంది, కాలిబ్రేషన్‌కి మీరు వాడింది అందులో చివరిదైన ఫైనల్ రన్ అయి ఉంటుంది. అందరూ అదే బాగుందంటారు, బాగుంటుంది కూడా, ఎందుకంటే దాన్ని నేల మీది గేజ్‌ల నెలవారీ లెక్కలతో సరిదిద్దుతారు. అందుకే అది బయటికి రావడానికి మూడున్నర నెలలు పడుతుంది. వానాకాలంలో మీ చేతికొచ్చేది ఎర్లీ రన్, వాన పడ్డ సుమారు 4 గంటలకి, లేదంటే లేట్ రన్, సుమారు 14 గంటలకి. పేరు ఒకటే, గ్రిడ్ కూడా అదే 0.1 డిగ్రీ, అరగంటకో ఫైలు, కానీ లోపల ఉన్న వర్షం వేరు. ఒక తూకంరాయితో మోడల్‌కి నేర్పించి ఇంకో తూకంరాయితో పరీక్ష పెట్టారన్నమాట. అది మాత్రం ఏం చేస్తుంది పాపం. ఏ డేటాతో రన్ చేస్తారో దాంతోనే కాలిబ్రేట్ చెయ్యండి. ఎర్లీ రన్ పాత ఫైళ్లు కూడా ఇరవై ఏళ్లకి పైగా వెనక్కి దొరుకుతాయి, కాబట్టి సాకు లేదు.

నేనూ ఈ తప్పు చేశాను, అదీ ఒక్క ఏడాది కాదు. దానికి తోడు ఇంకోటి చేశాను, మీరు కూడా చూసుకోండి. గేజ్ చదివేవాళ్లకి రోజంటే ఒక ఉదయం నుంచి మర్నాటి ఉదయం దాకా. శాటిలైట్ ఫైలుకి రోజు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి మారిపోతుంది. రెండిటినీ "రోజువారీ వర్షం" అని ఒకే టేబుల్లో పక్కపక్కన పెట్టి, మధ్య సంబంధం ఇంత ఘోరంగా ఉందేమిటని మూడు వారాలు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. అరగంట ఫైళ్లు తీసుకుని గేజ్ రోజుకి తగ్గట్టు మళ్లీ కూడితే ఒక్క పూటలో సగం సమస్య పోయింది. మీ పీక్ ఆలస్యంగా వచ్చిందన్నారు కదా, ఎన్ని గంటలో చూడండి. ఆ అంకె మీ గడియారానికీ యూటీసీకీ ఉన్న తేడాతో సరిపోయిందంటే దోషం హైడ్రాలజీది కాదు.

ఇక వర్షం సంగతి. ఐమెర్గ్ వర్షాన్ని గేజ్ కొలిచినట్టు కొలవదు, మంచి ఆధారాలతో లెక్కగడుతుంది. నాసా, జపాన్ వాళ్ల జాక్సా కలిసి 2014 ఫిబ్రవరిలో పంపిన జీపీఎం కోర్ ఉపగ్రహం మీద రాడార్ ఉంది. అది మబ్బు లోపల చినుకుల్ని పైనుంచి కిందిదాకా చూస్తుంది, కానీ చూసే పట్టీ సన్నం. మిగతా మైక్రోవేవ్ ఉపగ్రహాల కొలతల్ని దానితో సరిచూస్తారు, వాటి మధ్య మిగిలిన ఖాళీల్ని భూస్థిర ఉపగ్రహాల ఇన్‌ఫ్రారెడ్‌తో పూడుస్తారు. ఇన్‌ఫ్రారెడ్‌కి తెలిసేది మబ్బు నెత్తి ఎంత చల్లగా ఉందనేదే. ఉరుముల మబ్బు పైన గొడుగులా పరుచుకుంటే, ఆ గొడుగు అంచు కింద చుక్క పడకపోయినా వాన చూపించొచ్చు. సముద్రం కాకుండా నేల ఉన్న చోట మైక్రోవేవ్ ఉపగ్రహం కూడా చాలావరకు మబ్బులోని మంచు రేణువుల్ని చూసే వానని పట్టుకుంటుంది. గాలి కొండవాలు ఎక్కుతూ కురిపించే వాన ఉంటుంది చూశారూ, పొట్టి మబ్బు, పైన మంచు పెద్దగా ఉండదు, కింద మాత్రం గంటల తరబడి దంచుతుంది, అలాంటిది దీనికి సరిగ్గా ఆనదు. మీ బేసిన్ ఎగువ భాగం కొండలైతే, తప్పిన రెండు వరదలూ అలాంటి వానవే అయితే, పీక్ తగ్గడంలో ఆశ్చర్యమేం లేదు.

అయితే వర్షం కాస్త తగ్గితే పీక్ అంతగా ఎందుకు పడిపోవాలి అంటారా? చిన్న లెక్క చూపిస్తాను. హెచ్‌ఎంఎస్‌లో కర్వ్ నంబర్ పద్ధతే (నేలని బట్టి ఒక అంకె, అది పెరిగేకొద్దీ ఎక్కువ వాన పారిపోతుంది) వాడుతున్నారనుకుందాం, నంబర్ 75. 100 మి.మీ. వాన పడితే పారేది సుమారు 41 మి.మీ. అదే శాటిలైట్ 80 మి.మీ. అని చెప్పింది, పారేది 27. వర్షంలో తప్పు 20 శాతం, ప్రవాహంలో తప్పు 35 శాతం. మీ బేసిన్‌లో ఒక్క మి.మీ. అంటే 42 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు, కాబట్టి ఆ 14 మి.మీ. తేడా దగ్గరదగ్గర 6 కోట్ల ఘనపు మీటర్లు. నేల మొదటి భాగం వానని తాగేస్తుంది, ఆ తర్వాత పడిందే ఎక్కువగా పారుతుంది, అందుకే చివర్లో తగ్గిన వానలో ఎక్కువ భాగం వరదలోంచే తగ్గుతుంది.

మరి ఏం చెయ్యాలి? ఏడు గేజ్‌లనీ వెనక్కి తెచ్చుకోండి. గేజ్ ఒక్కోటి ఒక్క చోటే చెబుతుంది, కానీ అక్కడ నిజం చెబుతుంది. శాటిలైట్ మీ బేసిన్‌ని సుమారు 35 గళ్లుగా చూస్తుంది, గడికి 120 చదరపు కిలోమీటర్లు. ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అనే ఆకారం అది బాగానే ఇస్తుంది. ఆకారం శాటిలైట్‌ది, పరిమాణం గేజ్‌లది అనుకుని కలపండి. పద్ధతులు బోలెడున్నాయి, నా అనుభవంలో మొదట మామూలు నిష్పత్తి చాలు: గేజ్‌లున్న గళ్లలో రెండిటి నిష్పత్తి తీసి, దాన్ని దూరాన్ని బట్టి మిగతా గళ్లకి పరచడం, సీజన్‌కి వేరుగా, కొండకీ మైదానానికీ వేరుగా. క్వాంటైల్ మ్యాపింగ్ (శాటిలైట్ వానని గేజ్ రికార్డులో అంతే అరుదైన వానగా మార్చడం) మీద అందరికీ మోజు. మామూలు వానలకి బాగుంటుంది, కానీ వరద తెచ్చే వాన మీ రికార్డులో ముందెన్నడూ లేనిది కావచ్చు, అక్కడ ఆ మ్యాపింగ్‌కి ఆధారమే ఉండదు, నోటికొచ్చింది చెబుతుంది.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. బేసిన్ పైనుంచి మీరు నది ప్రవాహం కొలిచే స్టేషన్‌కి నీళ్లు ఎన్ని గంటల్లో వస్తాయి? పన్నెండు, పదిహేను గంటలు పడితే ఎర్లీ రన్ 4 గంటలు ఆలస్యంగా వచ్చినా మీ దగ్గర ఇంకా టైమ్ ఉంటుంది. అయిదారు గంటలే అయితే మీరు ఫైలు డౌన్‌లోడ్ చేసి మోడల్ రన్ చేసేసరికి వరద స్టేషన్ దాటిపోతుంది. చిన్న వాగులకి, కొండ కింద ఊళ్లకి నేల మీది డాప్లర్ రాడార్, ఎగువన ఆటోమేటిక్ గేజ్‌లు నాలుగు, వీటికి మించింది లేదు. అలాంటి చోట ఐమెర్గ్‌తో హెచ్చరిక వ్యవస్థ కడతామని ప్రాజెక్టు రాసుకొచ్చేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. పెద్ద నదులకి, నీళ్లు మూడు నాలుగు రోజులు ప్రయాణించే చోట, ఇదే డేటా బంగారం.

ఇప్పుడు వర్షాన్ని వదిలేసి నేలకి వద్దాం, ఎందుకంటే మీ పరిమాణంలో ఉన్న బేసిన్లలో నాకు ఎక్కువ లాభం ఇచ్చింది వర్షం కాదు, వాన మొదలయ్యే ముందు నేల ఎంత తడిగా ఉందనే సంగతి. మళ్లీ అదే లెక్క. 75 నంబరు ఉన్న నేల ఎండిపోయి ఉంటే పట్టికలో అది 57 అవుతుంది, నానిపోయి ఉంటే 88. అదే 100 మి.మీ. వాన ఎండిన నేల మీద పడితే పారేది 15 మి.మీ., మామూలు నేల మీద 41, నానిన నేల మీద 68. వాన ఒకటే, వరద నాలుగున్నర రెట్లు తేడా. శాటిలైట్ వర్షంలో ఇందాకటి 20 శాతం తప్పు ఇంత తేడా తేలేదు.

నేను పనిచేసిన ఒక బేసిన్‌లో సీజన్ మొదట్లో రెండు రోజుల్లో 110 మి.మీ. దాకా పడింది. మోడల్ పెద్ద వరద చూపించింది, రాత్రంతా మెలకువగా కూర్చున్నాం. తెల్లారి చూస్తే నదిలో మోకాటి లోతు కూడా పెరగలేదు. అందరూ నవ్వారు. అదే ఏడాది చివర్లో, నెలన్నర ముసురు తర్వాత, 70 మి.మీ. వానకి అదే స్టేషన్‌లో ప్రమాద స్థాయి దాటింది, ఈసారి మోడల్ ఏమీ లేదంది. ఎందుకంటే మేం ప్రతి రన్‌కీ నేల తేమని ఒకే సగటు విలువ దగ్గర మొదలుపెడుతున్నాం. అంత చిన్న సంగతి. ఆ తర్వాతే నేను నేల తేమ డేటా జోలికెళ్లాను.

ఇందులో రెండు పేర్లు తెలుసుకుంటే చాలు. యూరప్ వాళ్ల స్మోస్, 2009 నుంచి; నాసా వాళ్ల స్మాప్, 2015 నుంచి. రెండూ ఎల్-బ్యాండ్ మైక్రోవేవ్‌తో చూస్తాయి, మబ్బు అడ్డు కాదు, రెండు మూడు రోజులకోసారి మీ బేసిన్ మీదికి వస్తాయి. స్మాప్ మీద రాడార్ కూడా ఉండేది, దానితో గడి చిన్నది చేద్దామనుకున్నారు, పాపం ఎగిరిన ఏడాదే జులైలో అది ఆగిపోయింది. మిగిలిన రేడియోమీటర్ (నేల నుంచి వచ్చే మైక్రోవేవ్‌ని కొలిచే పరికరం) ఒక్క చూపు సుమారు 36-40 కిలోమీటర్లు, అంటే మీ బేసిన్ మొత్తానికి మూడు నాలుగు చూపులు. 9 కిలోమీటర్ల గ్రిడ్‌లో కూడా ఇస్తారు, దాన్ని చూసి నిజంగా 9 కిలోమీటర్ల వివరం ఉందని మోసపోకండి.

పెద్ద చిక్కు ఇంకోటి. అది చూసేది పైపొర 5 సెంటీమీటర్లే. మీ మోడల్‌కి కావలసింది వేళ్లుండే లోతు, మీటరు దాకా. పైపొర పొద్దున తడిసి సాయంత్రానికి ఆరిపోతుంది, కింద పొర వారాల తరబడి మెల్లగా కదులుతుంది. అందుకని పైపొర విలువల్ని నేరుగా మోడల్‌లో కుక్కకూడదు. ఎక్స్‌పొనెన్షియల్ ఫిల్టర్ అని ఉంటుంది, పాత విలువలకి తగ్గుతూ వెళ్లే బరువులిచ్చి లోతు తేమ సూచిక తయారుచేస్తుంది, కోడ్ రాస్తే పది లైన్లు. ఆ సూచికని మీ మోడల్ నేల తేమతో ఒకే కొలబద్ద మీదికి తెచ్చుకోవాలి, ఎందుకంటే శాటిలైట్ 0.35 అంటే మోడల్‌లో 0.35 కాదు. ఆ తర్వాత ఎన్‌సెంబుల్ కాల్మన్ ఫిల్టర్‌తో (మోడల్‌నీ కొలతనీ ఎంతెంత నమ్మొచ్చో తూచి కలిపే పద్ధతి) ఉపగ్రహం పైనుంచి వెళ్లిన ప్రతిసారీ మోడల్‌ని కొంచెం కొంచెం దిద్దుకోవచ్చు. అది మీకు ఇప్పుడు బరువనిపిస్తే, కనీసం ప్రతి రన్‌కి ముందు ఎండిన, మామూలు, నానిన అనే మూడు స్థితుల్లో ఏది ఎంచుకోవాలో ఈ సూచికని అడగండి. మేం మొదటి రెండేళ్లు చేసింది అంతే. తప్పుడు అలారాలు కళ్లకి కనబడేలా తగ్గాయి. దట్టమైన అడవి కింద మాత్రం ఈ డేటాని నమ్మకండి, చెట్లలోని నీరే అడ్డొస్తుంది.

వరద మ్యాపుల గురించి కూడా అడిగారు, యూరప్ వాళ్ల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 పెట్టి ఫోర్‌కాస్ట్ చెయ్యొచ్చా అని. చెయ్యలేరు. అది ఫొటో, జోస్యం కాదు. ఒక్కో ఉపగ్రహం అదే దారికి రావడానికి 12 రోజులు, జంటగా ఉంటే 6. జంటలో ఒకటైన 1బీ 2021 డిసెంబర్‌లో పాడైంది, దాని బదులు 1సీ వెళ్లింది 2024 డిసెంబర్‌లో. వరద పీక్ నాడే పాస్ పడాలంటే అదృష్టం ఉండాలి. నా లెక్కలో చాలాసార్లు దొరికేది వరద తీస్తున్నప్పటి చిత్రమే.

కానీ ఆ చిత్రం విలువ వేరు. రాడార్ కాబట్టి మబ్బైనా చీకటైనా చూస్తుంది. నిశ్చలంగా ఉన్న నీళ్ల మీద పడ్డ తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, వెనక్కి రాదు, కాబట్టి నీళ్లు నల్లగా కనిపిస్తాయి. దీంతో మీ హైడ్రాలిక్ మోడల్ (నీళ్లు ఎక్కడిదాకా పరుచుకుంటాయో లెక్కగట్టేది) చూపిన ముంపుని పోల్చండి. రెండూ తడి అన్న గళ్లు 60, మోడల్ మాత్రమే తడి అన్నవి 20, చిత్రం మాత్రమే తడి అన్నవి 20 అనుకోండి, 60ని 100తో భాగిస్తే 0.6. ఇదే మీ స్కోరు. "మొత్తం 95 శాతం గళ్లు సరిపోయాయి" అని ఎవరైనా చెబితే నమ్మకండి, అందులో ఎప్పటికీ మునగని మెట్ట భూమి మొత్తం కలిపేసి ఉంటారు.

ఒకసారి ఇలా పోలుస్తుంటే నదికి రెండు కిలోమీటర్ల అవతల చిత్రంలో పొడవాటి నల్ల మరక, మోడల్‌లో పొడి నేల. చిత్రంలోనే తేడా ఏదో ఉందని కొట్టిపారేశాం. మా జూనియర్ ఒకతను పట్టు వదలకుండా వెళ్లి చూసొస్తే అక్కడ ఎత్తైన రోడ్డు కట్ట, దాని కింద ఒక్కటే చిన్న తూము, పైనుంచి వచ్చిన పొలాల నీళ్లన్నీ దాని వెనక చెరువులా నిలబడ్డాయి. నది పొంగిన నీళ్లు కావే అవి. మోడల్‌లో ఆ కట్టా లేదు, తూమూ లేదు. అప్పటినుంచి చిత్రమూ మోడలూ కొట్లాడుకున్న చోటికే ముందు మనిషిని పంపుతాం.

రాడార్ చిత్రానికి కూడా మోసాలున్నాయి. గాలి వీస్తే నీటి మీద అలలు లేచి నీళ్లు నేలలా కనిపిస్తాయి. ఎండిన నున్నటి ఇసుక నీళ్లలా నల్లగా ఉంటుంది. కొండ నీడ కూడా అంతే. మునిగిన పైరులో, ఇళ్ల మధ్య నీళ్లలో తరంగం నీటికీ కాండానికీ, నీటికీ గోడకీ తగిలి రెండుసార్లు మళ్లి తిరిగొచ్చేస్తుంది, అక్కడ నలుపు కాదు తెలుపు వస్తుంది. పట్టణ ముంపుని సెంటినెల్-1తో చూసి "నీళ్లు లేవు" అని రిపోర్టు ఇవ్వడం ప్రమాదం. వరదకి ముందు చిత్రం ఒకటి, తర్వాత చిత్రం ఒకటి, ఒకే పాస్ దిశలోవి పెట్టి తేడా చూడండి, చాలావరకు గట్టెక్కుతారు.

డీఈఎం (నేల ఎత్తుల డిజిటల్ మ్యాపు) గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. చాలామంది ఇప్పటికీ ఎస్‌ఆర్‌టీఎం వాడతారు. అది 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ 11 రోజుల్లో తీసిన భూమి. చెట్లున్న చోట చెట్ల పై భాగాలకి దగ్గరగా చూపిస్తుంది, ఇళ్లున్న చోట కప్పుల్ని. కొండల్లో బేసిన్ హద్దు గీసుకోవడానికి హాయిగా పనికొస్తుంది. మైదానంలో నది కిలోమీటరుకి పది సెంటీమీటర్లు దిగుతుంటే, మీటర్ల లెక్కన తప్పున్న డీఈఎం మీద ముంపు మ్యాపు గియ్యడం అంటే జోకే. ఇంకా పైగా రాడార్ నీటి పైనే ఆగిపోతుంది, నది గర్భం అందులో ఉండదు. నది పొట్ట లేని మోడల్‌లో కాస్త నీళ్లొచ్చినా ఒడ్డు దాటేస్తుంది. కోపర్నికస్ 30 మీటర్ల డీఈఎం మెరుగు, దాన్నుంచి చెట్లు, ఇళ్లు తీసేసి తయారుచేసిన ఫాబ్‌డెమ్ మైదానాలకి ఇంకా మెరుగు. ఐస్‌శాట్-2 లేజర్ గీతలు మీ బేసిన్ మీదుగా పోతుంటాయి, వాటితో మీ డీఈఎం ఎక్కడ ఎంత తప్పో చూసుకోవచ్చు. కరకట్టలు మాత్రం 30 మీటర్ల గడిలో సరిగా కనబడవు, కట్ట నెత్తి చాలాచోట్ల కొద్ది మీటర్ల వెడల్పే కదా. వాటి ఎత్తుని సర్వే చేయించి చేత్తో పెట్టాల్సిందే.

పైన డ్యామ్ ఉందా? మీ ప్రశ్నలో రాయలేదు. ఉంటే మీ రెండో వరద హైడ్రోగ్రాఫ్ (గంటగంటకీ ప్రవాహం గీత) ఒకసారి చూడండి, మెల్లగా ఎక్కకుండా గోడలా నిటారుగా లేచిందంటే అది వాన కాదు, గేట్లు. ఏ శాటిలైటూ గేటు ఎప్పుడెత్తుతారో చెప్పదు, అది ఒక మనిషి నిర్ణయం. అయితే జలాశయం విస్తీర్ణం శాటిలైట్‌లో కనిపిస్తుంది, విస్తీర్ణానికీ నిల్వకీ పట్టిక ఉంటే ఎంత నిండిందో తెలుస్తుంది. నిండుకుండలా ఉన్న జలాశయం పైన మళ్లీ పెద్ద వాన పడితే ఏం జరుగుతుందో ఊహించడానికి మోడల్ అక్కర్లేదు. ఎగువ వాళ్లు ఫోన్ ఎత్తని చోట ఈ పద్ధతి చాలాసార్లు ఆదుకుంది.

నీటి మట్టాన్నే పైనుంచి కొలిచే ఆల్టిమీటర్లు ఇంకో దారి. బంగ్లాదేశ్‌కి గంగ, బ్రహ్మపుత్ర నీళ్లు దాదాపు అన్నీ సరిహద్దు అవతలనుంచే వస్తాయి. జేసన్-2 ఉపగ్రహం ఎగువన చూసిన నీటి మట్టాలు వాడి అక్కడ 8 రోజుల ముందు దాకా అంచనాలు ఇవ్వొచ్చని చూపించారు. పెద్ద నది, మెల్లటి ప్రయాణం, అందుకే కుదిరింది. మీ 4,200కి ఇది కుదరదు. ఇక 2022 డిసెంబర్‌లో నాసా, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి పంపిన స్వాట్ ఉంది, 100 మీటర్ల కంటే వెడల్పున్న నదుల మట్టాన్నీ వాలునీ పట్టీలా చూస్తుంది, 21 రోజుల చక్రం. ఇంగ్లీషులో ఒక అక్షరం తేడా గానీ మనం తెలుగులో రాసేసరికి ఆ ఉపగ్రహమూ స్వాటే, వ్యవసాయ బేసిన్లకి వాడే మోడలూ స్వాటే, మా మీటింగుల్లో దీని మీద ఎప్పుడూ గందరగోళం. రోజువారీ హెచ్చరికకి కాదు గానీ, గేజ్ లేని నది భాగాల్లో మోడల్ ఇచ్చే నీటి మట్టం, వాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచిది లేదు.

మంచు కరిగే బేసిన్ అయితే శాటిలైట్‌లో కనిపించే మంచు కవచం తప్పనిసరి, మీది కాదు కాబట్టి వదిలేస్తున్నా. గ్రేస్ ఉపగ్రహాల డేటా గురించి కూడా కొందరు అడుగుతుంటారు, అది నెలకోసారి, వందల కిలోమీటర్ల గడిలో చూసే భూమి బరువు. లక్షల చదరపు కిలోమీటర్ల నదులకి సీజన్ ఎంత తడిగా మొదలవుతోందో చెప్పగలదు. మీ బేసిన్ దానికి చుక్క.

ఇవన్నీ సరిగా పెట్టినా ఒకటి మర్చిపోకండి: శాటిలైట్ చెప్పేది ఇప్పటిదాకా పడిన వాన గురించి. రేపటి వాన కావాలంటే వాతావరణ మోడల్ అంచనా కావాల్సిందే. మీ దగ్గర నీళ్ల ప్రయాణం ఎన్ని గంటలో అంతవరకే పడిన వానతో లాగగలరు, ఆ పైన అంచనా వాన మీదే ఆధారం, అది ఒకటి కాకుండా పది పదిహేను రకాలుగా తీసుకుని రన్ చేస్తే ఎంత అనిశ్చితి ఉందో కూడా చెప్పగలరు. ఏఐ సంగతి అడిగారు, గూగుల్ వాళ్ల ఎల్‌ఎస్‌టీఎం మోడల్ (గడిచిన రోజుల డేటాని గుర్తుపెట్టుకుని నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) మీద 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పని నేను కూడా శ్రద్ధగా చదివాను, గేజ్‌లు లేని నదుల్లో అయిదు రోజుల ముందు అంచనా కూడా యూరప్ వాళ్ల ప్రపంచ వరద అంచనా వ్యవస్థ గ్లోఫాస్ ఇచ్చే అదే రోజు అంచనాకి దగ్గరగా ఉందని చూపించారు. దానికి పెట్టే మేతలో ఐమెర్గ్ కూడా ఉంది. అంటే వర్షం తప్పుల్ని అది కొంత తనంతట తనే నేర్చుకుని సరిదిద్దుకుంటుంది. కానీ అది వేల నదుల మీద నేర్చుకున్నది. మీ ఒక్క స్టేషన్ పదేళ్ల డేటాతో సొంతంగా ఎల్‌ఎస్‌టీఎం కట్టి అంత ఫలితం ఆశించకండి.

చివరగా స్కోరు. మీరు నాష్-సట్‌క్లిఫ్ (మోడల్ ప్రవాహం కొలిచిన ప్రవాహానికి ఎంత దగ్గరో చెప్పే స్కోరు, 1 అయితే అచ్చు సరిపోయినట్టు) 0.84 వచ్చిందని రాశారు. ఏడాది మొత్తం మీద తీసిన అంకెది, అందులో మామూలు రోజులే ఎక్కువ. హెచ్చరికకి మూడే చూస్తాను: పీక్ ఎంత తప్పింది, ఎన్ని గంటలు తప్పింది, ఎన్నిసార్లు ఉత్తినే భయపెట్టాం. పాత వరదల్ని మళ్లీ ఆడించేటప్పుడు ఆ గంటకి నిజంగా చేతిలో ఉన్న ఫైళ్లే ఇవ్వాలి, తర్వాత వచ్చినవి ఒక్కటి కూడా కలవకూడదు. ఇలా చేస్తే మీ 0.84 ఎంతకి పడుతుందో చూసి దిగులుపడకండి, అందరిదీ పడుతుంది. ఇంకోటి, మీరు "నిజం" అనుకుంటున్న ప్రవాహం కూడా రేటింగ్ కర్వ్ (నీటి మట్టాన్ని ప్రవాహంగా మార్చే గీత) నుంచి వచ్చిందే. వరద రోజున ఎవరూ నదిలో దిగి వేగం కొలవరు, పై మట్టాల దగ్గర ఆ కర్వ్ గీత పొడిగించి గీసిందే అయి ఉంటుంది. ఒక స్టేషన్‌లో మేం రెండేళ్లు మోడల్‌ని తిట్టుకుని, చివరికి కర్వే 30 శాతం ఎక్కువ చెబుతోందని తెలుసుకున్నాం.

మీ స్థానంలో నేనైతే ఈ వారం ఎర్లీ రన్ పాత ఫైళ్లు దించి, గేజ్ రోజుకి కూడి, ఏడు గేజ్‌ల గళ్లలో మాత్రం పోల్చి చూస్తాను. తర్వాత నేల తేమని మూడు స్థితులుగా పెట్టి ఆ రెండు వరదల్నీ మళ్లీ రన్ చేస్తాను. డీఈఎం, ముంపు మ్యాపులు ఆ తర్వాత. ఆ రెండు వరదల గంటవారీ ప్రవాహం, గేజ్ వర్షం, మీరు వాడిన ఐమెర్గ్ వర్షం ఒక ఫైల్లో పెట్టి ఇక్కడ ఇవ్వండి, చూసి చెబుతాను. టైమ్ కాలమ్ యూటీసీనా కాదా అన్నది మాత్రం పైన రాయడం మర్చిపోకండి.